మన ఇంగ్లీషు: యంత్రం చెడిందని వ్రాయడమెలా?



మన గోదావరిఖనిలో, రామగుండంలో ఎటు చూసినా యంత్రాలే కదా. బొగ్గుబాయిలో పంపులు, ఫ్యాన్లు, బెల్టులు. ఓపెన్‌కాస్టులో ఇల్లంత పెద్ద డంపర్లు. ఎన్.టి.పి.సి.లో కరెంటు పుట్టించే యూనిట్లు. ఇంటికి వస్తే నీళ్ళ మోటరు, మిక్సీ, సెల్‌ఫోను. యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెడక మానదు. అది చెడినప్పుడు ఎవరో ఒకరు ఒక కాగితంమీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వ్రాసి గోడకు అంటిస్తారు. ఆ ముక్కలు చాలాసార్లు ఇలా ఉంటాయి:

"డ్యూ టు టెక్నికల్ ప్రాబ్లమ్ వాటర్ సప్లై స్టాప్డ్."

"మాకు అర్థమవుతూనే ఉంది కదా మాస్టారూ, ఇందులో తప్పేముంది?" అని మీరు అడుగవచ్చు. నీళ్ళు రావని అర్థమవుతుంది, నిజమే. కాని ఇది ఇంగ్లీషు చొక్కా తొడుక్కున్న తెలుగు వాక్యం. తెలుగులో "సాంకేతిక లోపం వల్ల" అంటే చాలు. లోపం ఒకటా, నాలుగా అని ఎవరూ అడుగరు. ఇంగ్లీషు మాత్రం అడుగుతుంది. ఆ భాషలో 'ప్రాబ్లమ్' అనేది లెక్కపెట్టదగిన వస్తువు, మామిడికాయవలె. ఒకటే అయితే ముందు 'ఎ' ఉండాలి: "ఎ టెక్నికల్ ప్రాబ్లమ్". ఎక్కువైతే చివర 'ఎస్' రావాలి: "టెక్నికల్ ప్రాబ్లమ్స్". రెండూ లేకుండా ఒంటరిగా నిలబడడానికి దానికి హక్కు లేదు. 'ఫాల్ట్' అన్న మాటా అంతే. కాని 'ట్రబుల్' అనేది, ఇంజన్ ట్రబుల్ అన్నప్పుడు, లెక్కకు రాని నీళ్ళవంటిది. అందుచేత "డ్యూ టు ఇంజన్ ట్రబుల్" అని వ్రాస్తే తప్పు లేదు. దాని ముందు 'ఎ' పెడితేనే తప్పు.

'డ్యూ టు' తరువాత ఏం వ్రాయాలో కూడా చెప్పుకుందాం. దాని వెనుక ఒక పేరు రావాలి గాని, పూర్తి వాక్యం రాకూడదు. "డ్యూ టు ది పంప్ ఈజ్ నాట్ వర్కింగ్" అని వ్రాసేవారున్నారు. అక్కడ కావలసింది 'బికాజ్'. "బికాజ్ ది పంప్ ఈజ్ నాట్ వర్కింగ్" అంటే సరిపోతుంది. మేము చదువుకునే రోజుల్లో వాక్యం మొదట 'డ్యూ టు' పెడితే గురువులు ఎర్రసిరాతో గీత గీసేవారు. 'బికాజ్ ఆఫ్' వ్రాయమనేవారు. ఇప్పటి నిఘంటువులు రెండింటినీ ఒప్పుకుంటున్నాయి. నేను మాత్రం నేటికీ 'బికాజ్ ఆఫ్' అనే వ్రాస్తాను. మీరు ఏది వ్రాసినా మార్కులు పోవు.

ఇంతవరకు వ్యాకరణం. ఆ కాగితంలో అంతకన్న పెద్ద లోటు ఇంకొకటి ఉన్నది. అది ఏమిటో తెలియాలంటే మనం కొంచెం దూరం వెళ్ళాలి. చంద్రమండలం దారిలోకే వెళదాం.

1970 ఏప్రిల్ 11న అమెరికావారు అపోలో 13 అనే నౌకను చంద్రుని వైపు పంపారు. అందులో జేమ్స్ లోవెల్, జాక్ స్విగర్ట్, ఫ్రెడ్ హెయిస్ అనే ముగ్గురున్నారు. బయలుదేరిన మూడవనాడు, భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండగా, నౌకలో ఢామ్మని చప్పుడయింది. స్విగర్ట్ వెంటనే భూమిమీది హ్యూస్టన్ కేంద్రానికి సమస్య వచ్చిందని చెప్పాడు. కిందివారు మళ్ళీ చెప్పమన్నారు. అప్పుడు లోవెల్ అన్న మాట: "హ్యూస్టన్, ఉయ్‌వ్ హాడ్ ఎ ప్రాబ్లమ్."

యంత్రం చెడడాన్ని గురించి మానవుడు పలికిన వాక్యాలలో ఇంత పేరు పొందినది మరొకటి లేదేమో. మీరు సినిమాలో విన్నది "ఉయ్ హావ్ ఎ ప్రాబ్లమ్" అని కదా? 1995లో వచ్చిన సినిమాలో అలా మార్చారు. అసలు మాట 'హావ్ హాడ్'. ఒకటి ఇప్పుడే జరిగింది, దాని ఫలితం ఇంకా మా ముందున్నది అనే అర్థం అందులో ఉన్నది. మీ వ్యాకరణ పుస్తకంలో ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే పాఠం చూడండి, దాని ఉపయోగమంతా ఈ ఒక్క వాక్యంలో కనబడుతుంది. 'ప్రాబ్లమ్' ముందు 'ఎ' ఉన్నదో లేదో కూడా గమనించండి. ప్రాణాలమీదికి వచ్చిన వేళ కూడా ఆయన దానిని వదలలేదు!

అయితే నేను చెప్పదలచింది ఆ తరువాతి మాట. లోవెల్ 'ప్రాబ్లమ్' అని ఊరుకోలేదు. వెంటనే, 'మెయిన్ బి బస్'లో వోల్టేజి తగ్గిందని చెప్పాడు. బస్ అంటే ఆర్.టి.సి. బస్ కాదు సుమా! కరెంటును ఒకచోటికి తెచ్చి అనేక యంత్రాలకు పంచిపెట్టే ప్రధాన మార్గాన్ని బస్ అంటారు. జ్యోతినగర్‌లో ఉండే పిల్లలు ఇంట్లో 'బస్‌బార్' అన్న మాట వినే ఉంటారు, అది ఈ కుటుంబంలోనిదే. నౌకలో అటువంటి మార్గాలు 'ఎ' అనీ, 'బి' అనీ రెండు ఉన్నాయి. చెడింది ఏది? బి. ఏమయింది? వోల్టేజి తగ్గింది. ఈ రెండు ముక్కలతో కిందనున్న ఇంజనీర్లు పని మొదలుపెట్టగలిగారు. నిజానికి పేలినది రెండవ నెంబరు ఆక్సిజన్ ట్యాంకు. ఆ ఆక్సిజన్‌ను, హైడ్రోజన్‌ను కలిపి నౌకలో కరెంటు తయారుచేసుకునేవారు. అందుకే ట్యాంకు పోతే కరెంటూ పోయింది. ఆ సంగతి లోవెల్‌కు అప్పటికి తెలియదు. తెలియనిది ఊహించి చెప్పకుండా, తన మీటరులో కనబడినది చెప్పాడు. ముగ్గురూ ఏప్రిల్ 17న పసిఫిక్ సముద్రంలో క్షేమంగా దిగారు.

ఇప్పుడు మన గోడమీది కాగితం మళ్ళీ చదవండి. మోటరు కాలిందా? పైపు పగిలిందా? కరెంటు లేదా? ఒక్కటీ తెలియదు. 'టెక్నికల్ ప్రాబ్లమ్' అంటే "మాకు తెలుసు, మీకు చెప్పం" అన్నట్లుగా ఉంటుంది. మీ నాన్నగారి చిన్నతనంలో దూరదర్శన్‌లో బొమ్మ ఆగిపోయినప్పుడు "అంతరాయానికి చింతిస్తున్నాము" అని ఒక బోర్డు వచ్చేది. చూసే మనకు అది చాలు, మనం వెళ్ళి బాగుచేసేది లేదు గనుక. కాని బాగుచేయవలసిన మనిషి చదివే కాగితం అలా ఉంటే పని జరగదు. "ది వాటర్ సప్లై హాజ్ బీన్ స్టాప్డ్ బికాజ్ ది పంప్ మోటార్ హాజ్ బర్న్ట్ అవుట్" అని వ్రాస్తే, బిందె పట్టుకొని వచ్చిన అమ్మకు ఈ పూట నీళ్ళు రావని తెలుస్తుంది, ఎలక్ట్రీషియనుకు ఏం తెచ్చుకోవాలో తెలుస్తుంది. ఉట్టి 'స్టాప్డ్' అనక 'హాజ్ బీన్ స్టాప్డ్' అన్నాను చూశారా? నీళ్ళు తమంతట తామే దేనినో ఆపలేదు, నీళ్ళను ఆపారు.

ఇక అన్నిటికన్న ప్రమాదమైన మాట దగ్గరకు వద్దాం. అది మనందరి నోట రోజుకు పదిసార్లు వచ్చే 'రిపేరు'.

పొద్దున్నే మీ నాన్న అంటాడు: "మోటరు రిపేరయింది, ఇయ్యాల నీళ్ళు రావు." సాయంత్రం పక్కింటి మామ అంటాడు: "మోటరు రిపేరయింది, నీళ్ళు పట్టుకోండి." రెండుచోట్లా మాట ఒక్కటే. పొద్దున అది చెడిందని అర్థం, సాయంత్రం బాగయిందని అర్థం! మనం తికమకపడడం లేదు, ఎందుకంటే నీళ్ళ సంగతి వెంటనే చెప్పారు, పైగా చెప్పేవారి ముఖం ఎదురుగా ఉన్నది. ఇంగ్లీషులో 'రిపేర్' అంటే బాగుచేయడం. అంతే. చెడడమనే అర్థం దానికి ఏనాడూ లేదు. "ది మోటార్ ఈజ్ రిపేర్డ్" అని వ్రాస్తే చదివినవాడు మోటరు బాగయిందనే అనుకుంటాడు, వెళ్ళి స్విచ్చి వేస్తాడు.

మాట మనదగ్గర ఇలా ఎందుకు తిరగబడింది? నాకు తోచినది చెబుతాను. మన కోల్‌బెల్టులోకి ఇంగ్లీషు పుస్తకంలోనుంచి కాక యంత్రాల వెంట వచ్చింది. ఇల్లందు దగ్గర బొగ్గు తీయడం 1889లో మొదలయింది. కంపెనీకి సింగరేణి పేరు 1920లో వచ్చింది. ఆనాటినుంచి షిఫ్టు, మస్టరు, హాలేజీ, ఓవర్‌మన్ వంటి మాటలు, బడికి వెళ్ళని వారి నోళ్ళలో కూడా చెవిద్వారా వచ్చి స్థిరపడ్డాయి. ఇంక్లైన్ అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే దారి. మనవాళ్ళకు అది ఊరి పేరే అయిపోయింది, మన 8 ఇంక్లైన్ కాలనీ లేదూ? అలాగే, యంత్రం ఆగినప్పుడల్లా "రిపేరు, రిపేరు" అని వినబడింది. వినబడిన వేళనుబట్టి ఆ మాటకు చెడడమనే అర్థం అంటుకొని ఉంటుంది. దీనిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఉర్దూనుంచి వచ్చిన 'ఖరాబు', 'మరమ్మతు' కూడా ఇలా మనవైన మాటలే, అవి మాత్రం దారి తప్పలేదు. "మోటరు ఖరాబయింది" అంటే చెడింది, "మరమ్మతు చేశారు" అంటే బాగుచేశారు. నన్నడిగితే, తెలుగులో మాట్లాడేటప్పుడు ఈ రెండు మాటలే వాడుకోవడం మేలు.

ఇది మార్కుల కోసం చెప్పే మాట కాదు. మీలో చాలామంది తండ్రులు, అన్నలు బాయిలో దిగేవారు. గని మూడు షిఫ్టులలో నడుస్తుంది. ఒక షిఫ్టువారు పైకి వచ్చేముందు తమ చోటు ఎలా ఉన్నదో రిపోర్టు పుస్తకంలో వ్రాస్తారు, తరువాతివారు అది చదువుతారు. భూమిలోపల నీరు ఊరుతూనే ఉంటుంది, పంపు దానిని పైకి తోడిపోయాలి. బొగ్గుపొరలనుంచి మీథేన్ అనే మండే వాయువు వస్తూ ఉంటుంది, ఫ్యాను దానిని బయటికి లాగివేయాలి. ఇప్పుడు ఒకరు తెలుగు ఆలోచనతో, ఇంగ్లీషు మాటతో "పంప్ రిపేర్డ్" అని వ్రాసి వెళ్ళారనుకోండి. ఆయన ఉద్దేశం పంపు చెడిందని. చదివేవారు తెలుగువారైతే ఒకవేళ గ్రహించవచ్చు. కొత్తగా వచ్చిన, తెలుగు రాని ఇంజనీరు అయితే? ఆయనకు ఆ కాగితమే ఆధారం. గనిలో ఫోను ఉంటుంది, మనిషికి మనిషి ఎదురుపడి చెప్పుకోవడమూ ఉంటుంది. అయినా ఫోనులో చెప్పినది గాలిలో పోతుంది, కాగితం మిగులుతుంది.

ఒక యంత్రం చెడిందా, బాగున్నదా అనే ఒక్క సంగతి తరువాతి షిఫ్టుకు అందకపోతే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. బ్రిటన్ దగ్గర ఉత్తర సముద్రంలో చమురు, గ్యాసు తీసే పైపర్ ఆల్ఫా అనే వేదిక ఉండేది. 1988 జులై 6న అక్కడ రెండు పంపులలో ఒకదానిని, 'ఎ' పంపును, పనికోసం ఆపారు. దాని రక్షణ వాల్వు తీసివేసి, ఆ రంధ్రానికి ఒక ఇనుపమూత పెట్టారు. సాయంత్రానికి పని పూర్తికాలేదు. రాత్రి షిఫ్టువారు వచ్చారు. పదిగంటలవేళకు 'బి' పంపు ఆగిపోయింది. వాల్వు తీసివేసిన సంగతి తెలిపే కాగితం వారి కంటబడలేదు. 'ఎ' పంపు నడుపవచ్చుననుకొని నడిపారు. మూత సందుల్లోనుంచి గ్యాసు చిమ్మి అంటుకున్నది. 167 మంది చనిపోయారు. తరువాత కల్లెన్ ప్రభువు అనే న్యాయమూర్తి విచారణ జరిపి 1990లో నివేదిక ఇచ్చారు, అందులో 106 సూచనలు ఉన్నాయి. పని అప్పగించే కాగితాలను ఎలా నడపాలనేది వాటిలో ముఖ్యమైన విషయం. అక్కడ తప్పు మాట వ్రాయలేదు, సరైన కాగితం చేతికి అందలేదు. అందిన కాగితంలో మాట తలక్రిందులుగా ఉంటే మాత్రం తేడా ఏమున్నది చెప్పండి?

అందుకని యంత్రం స్థితినిబట్టి మాట ఎంచుకోవాలి. చెడి ఉన్నది, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు: "ది పంప్ ఈజ్ నాట్ వర్కింగ్. ఇట్ నీడ్స్ రిపేర్." పని జరుగుతున్నది: "ది పంప్ ఈజ్ బీయింగ్ రిపేర్డ్", లేక "అండర్ రిపేర్". పని అయిపోయింది: "ది పంప్ హాజ్ బీన్ రిపేర్డ్." దీని వెంట "ఇట్ ఈజ్ వర్కింగ్ నౌ" అని కూడా చేర్చితే నేను ఇంకా సంతోషిస్తాను, ఎందుకంటే బాగుచేసినవన్నీ నడవవు! లిఫ్టు, టెలిఫోను, ఏ.టి.ఎం. వంటివి చెడితే "అవుట్ ఆఫ్ ఆర్డర్" అని బోర్డు పెడతారు. దారిలో ఆగిన బస్సుకు మాత్రం ఆ మాట అతకదు.

బస్సుకు కావలసిన మాట 'బ్రేక్ డౌన్'. ఇందులోనూ ఒక చిక్కు ఉన్నది. ఆగిపోవడం అనే క్రియ అయితే రెండు మాటలు విడివిడిగా వ్రాయాలి, కాలాన్నిబట్టి మొదటి మాట మారుతుంది: "ది బస్ బ్రోక్ డౌన్ ఎట్ బసంత్‌నగర్", "ది డంపర్ హాజ్ బ్రోకెన్ డౌన్". ఆగిపోవడానికి పేరు అయితే రెండూ కలిపి ఒకే మాటగా వ్రాయాలి: "దేర్ వాజ్ ఎ బ్రేక్‌డౌన్". మన పిల్లలు "ది బస్ ఈజ్ బ్రేక్‌డౌన్" అని వ్రాస్తారు. అంటే, బస్సే ఒక ఆగిపోవడం అన్నమాట! పాపం, బస్సును అంతమాట అనకండి.

'ఫాల్ట్' అనే మాటతో మన ఊళ్ళో ఇంకో తమాషా ఉన్నది. కరెంటు లైనులో ఫాల్ట్ అంటే లోపం. గనిలో "ఫాల్టు తగిలింది" అంటే ఏ యంత్రమూ చెడలేదు. ఎన్నడో కోట్ల ఏండ్ల క్రితం భూమి పొరలు పగిలి, ఒక పక్క పొర కిందికో పైకో జరిగిపోయిన చోటును భూగర్భ శాస్త్రంలో ఫాల్ట్ అంటారు. దానివల్ల తవ్వుతూ పోతున్న బొగ్గుపొర హఠాత్తుగా గోడవలె ఆగిపోయి, ఎదురుగా రాయి వస్తుంది. గోదావరి లోయ బొగ్గుక్షేత్రంలో ఇటువంటివి చాలా ఉన్నాయి. కనుక గనిలోని లైను సంగతి వ్రాసేటప్పుడు "ఎలక్ట్రికల్ ఫాల్ట్" అని విప్పి వ్రాయడం మంచిది. లేకపోతే ఎలక్ట్రీషియనుకు బదులు సర్వేయరు వస్తాడు!

ఎన్.టి.పి.సి.వారి పిల్లలు "యూనిట్ ట్రిప్ అయింది" అంటారు. ఇది మంచి మాట, ఇంగ్లీషులోనూ "ది యూనిట్ ట్రిప్డ్" అనే వ్రాస్తారు. కాని ట్రిప్ కావడమూ చెడిపోవడమూ ఒకటి కాదు. ఎక్కడో వేడి పెరిగిందనో, కరెంటు ఎక్కువైందనో పసిగట్టి, కాపలాగా పెట్టిన రిలే తానే యంత్రాన్ని ఆపివేస్తుంది. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టగానే ఎం.సి.బి. టప్పుమని కిందికి పడుతుందే, అదే సంగతి. అప్పుడు "ఎం.సి.బి. చెడింది" అనకండి పాపం, అది తన పని తాను చేసింది.

చివరిగా ఒక మాట తల్లిదండ్రులకు. సెలవు చీటీలో "డ్యూ టు టెక్నికల్ ప్రాబ్లమ్ మై సన్ కుడ్ నాట్ అటెండ్" అని వ్రాసి పంపే వారున్నారు. ఒకసారి అటువంటి చీటీ తెచ్చిన అబ్బాయిని ఏమయిందిరా అని అడిగితే, చెప్పు తెగిందన్నాడు! 'టెక్నికల్' అనేది నేర్పుకు, పనితనానికి సంబంధించిన గ్రీకు మాటనుంచి పుట్టింది. యంత్రానికో, కరెంటుకో, కంప్యూటరుకో సంబంధించిన చిక్కుకే అది చెల్లుతుంది. జ్వరమయితే జ్వరమని, పెళ్ళయితే పెళ్ళని వ్రాయండి. మాస్టర్లు అంత కోపిష్టివారు కారు.

పిల్లలూ, ఈ నెల పని ఇది. ఈ మూడు వాక్యాలను సరిచేసి మీ ఇంగ్లీషు మాస్టారికి చూపించండి. "ది కన్వేయర్ బెల్ట్ ఈజ్ బ్రేక్‌డౌన్ సిన్స్ మార్నింగ్." "డ్యూ టు అవర్ స్కూల్ బస్ హాజ్ టెక్నికల్ ప్రాబ్లమ్ ఐ కేమ్ లేట్." "క్లాస్ ఈజ్ వెరీ హాట్, ఫ్యాన్ ఈజ్ రిపేర్డ్." మూడవదానిలో ఫ్యాను తిరుగుతున్నదో లేదో ముందు తేల్చుకోండి. ఆ తరువాత మీ ఇంట్లో చెడి ఉన్న వస్తువు ఒకటి చూసి, మెకానిక్కుకు చీటీ వ్రాయండి. రెండు వాక్యాలు చాలు. వస్తువు పేరేమిటి, ఎక్కడ ఉన్నది, మీకు కనబడినది ఏమిటి, వినబడినది ఏమిటి. చీటీ చదివి అతడు ఏ పనిముట్లు సంచిలో వేసుకొని రావాలో మీ నాన్ననో అన్ననో అడిగి చూడండి. వారు వెంటనే చెప్పలేకపోతే చీటీ తిరిగి వ్రాయండి.